కంచం నిండా అన్నం, ఒంట్లో రక్తం తక్కువ



ఈ పూట మన మాటలు మూడు వస్తువుల చుట్టూ తిరుగుతాయి. ఒక నీలం రంగు మాత్ర. ఒక గ్లాసు టీ. ఒక నిమ్మచెక్క. మూడూ మీకు తెలిసినవే. మీ ఇంట్లోనో, మీ పిల్ల చదివే హాస్టల్లోనో ఉండేవే. ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం, అక్కణ్ణుంచి దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుదాకా ఎన్నో బడులున్నాయి. ఆ బడుల్లో చదివే ఆడపిల్లల ఒంట్లో రక్తం ఎందుకు చాలడం లేదన్నదే ఇవాళ్టి సంగతి.

పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళు అక్కడే ఉండి వినండి. కాగితం, కలం అక్కర్లేదు. గుర్తుంచుకోవలసిన మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.

తిండి లేని పిల్లకి రక్తం తక్కువంటే ఎవరికైనా అర్థమవుతుంది. మరి మూడు పూటలా కడుపునిండా తినే పిల్లకి ఎందుకు తక్కువ? 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్ని పరీక్ష చేశారు. ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. మళ్ళీ చెప్పుకుందాం, పదిమందిలో ఆరుగురికి పైగా. పక్కన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంచుమించు ఇదే లెక్క. గోదావరి అవతలి చింతూరు, కూనవరం మండలాలు 2014లో ఆ రాష్ట్రంలోకి వెళ్ళాయి. రాష్ట్రం మారింది గానీ కంచం మారలేదు.

కాబట్టి ఇది అడవి పిల్లలకే వచ్చే జబ్బు అనుకోకూడదు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల పిల్లలకీ ఉంది. కాకపోతే అడవి అంచున దీనికి మలేరియా, నులిపురుగులు, సికిల్ సెల్ కూడా తోడవుతాయి. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి.

రక్తం తక్కువ అంటే ఒంట్లో రక్తం ఇంకిపోయిందని కాదు. రక్తాన్ని ఎర్రగా ఉంచే హిమోగ్లోబిన్ తగ్గిందని. గోదావరి మీద పడవ ఈ ఒడ్డున మనుషుల్ని ఎక్కించుకుని ఆ ఒడ్డున దింపినట్టు, ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎక్కించుకుని ఒళ్ళంతా దింపేది హిమోగ్లోబినే. దాని తయారీకి ఇనుము కావాలి. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకి వంద మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములు ఉండాలి. ఎనిమిదికి దిగితే ప్రమాదం. ఆ 12 అంకె ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. మీ పిల్ల రక్తపరీక్ష చీటీ చేతికొస్తే మీరే చదువుకోగలరు.

చీటీ లేకపోయినా కొన్ని గుర్తులుంటాయి. పొద్దున ప్రార్థన వరసలో నిలబడ్డ పిల్లకి కళ్ళు తిరుగుతాయి. మధ్యాహ్నం తర్వాత పాఠం బుర్రకెక్కదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటుంది. ఇంకో వింత గుర్తూ ఉంది. బలపాలు తినడం, సుద్ద తినడం, గోడ మట్టి గీరుకు తినడం, పచ్చి బియ్యం గుప్పెట్లో పోసుకుని నమలడం. వీటికి పిల్లని తిట్టేవాళ్ళే ఎక్కువ. తిట్టొద్దు, పరీక్ష చేయించండి. ఇనుము తక్కువైన చాలామందిలో ఈ కోరిక పుడుతుందని డాక్టర్లకు బాగా తెలుసు. ఇక చదువులో వెనకబడిందనీ, బద్ధకమనీ పేరు పడ్డ పిల్లల సంగతి. వాళ్ళలో ఎంతమందికి నిజంగా బద్ధకం, ఎంతమందికి రక్తం తక్కువ? పంతుళ్ళు, వార్డెన్లు ఒక్కసారి ఆలోచించాలి.

ఈ వయసులోనే ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, పిల్ల ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంది. ఒళ్ళు పెరిగితే దానికి సరిపడా రక్తమూ పెరగాలి. రెండు, నెలసరి. నెలనెలా కొంత రక్తం పోతుంది. దాంతో పాటు ఇనుమూ పోతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13, 14, 15 ఏళ్ళ ఆడపిల్లకి రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అదే వయసు మగపిల్లవాడికి 22 చాలు. అంటే అన్నకంటే చెల్లెలికే ఎక్కువ కావాలి. మన ఇళ్ళలో వడ్డన మాత్రం ఇంకోలా సాగుతుంది. తండ్రికి, అన్నకి, తమ్ముడికి పెట్టాక, అడుగున మిగిలిన పులుసుతో తల్లీ కూతురూ సరిపెట్టుకుంటారు. చేపముక్క ఉంటే మగపిల్లవాడి కంచంలో పడుతుంది. ఈ ఒక్క విషయంలో హాస్టలే నయం. అక్కడ అందరికీ ఒకే గరిటె.

పిల్ల పెద్దమనిషి అయినప్పుడు మన పెద్దవాళ్ళు ఏం పెట్టేవారు? చిమ్మిలి. నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచి ఉండలు చేసి పెట్టేవారు. ఎవరూ ప్రయోగశాలలో పరీక్ష చేసి చెప్పలేదు, అయినా సరిగ్గా పట్టుకున్నారు. మన వంటింట్లో ఇనుము బాగా ఉన్న గింజల్లో నువ్వులు ఒకటి. వంద గ్రాముల నువ్వుల్లో పదమూడు మిల్లీగ్రాములకు పైగా ఇనుముంటుంది. చిక్కేమిటంటే, ఆ కొద్ది రోజులు పెట్టి, చీర కట్టించి, భోజనాలు పెట్టి, అక్కడితో ఆపేస్తారు. చిమ్మిలి పదిరోజులు. నెలసరి ముప్ఫై అయిదేళ్ళు.

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం.

అన్నం మనకి బలం ఇస్తుంది, పని చేయిస్తుంది. రక్తం మాత్రం పట్టించదు. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకి ఒక్క మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. రోజుకు అరకిలో బియ్యం వండుకు తిన్నా, పిల్లకు కావలసిన ఇనుములో దాన్నించి వచ్చేది పదో వంతే. అదే రాగుల్లో వంద గ్రాములకి నాలుగున్నర, సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. జొన్న కూడా దాదాపు నాలుగు ఇస్తుంది.

ఈ ప్రాంతంలో ఒకప్పుడు తిన్నది ఇవే. పోడులో జొన్న, సామలు, కొర్రలు, వాటి మధ్య కందులు, అనుములు కలిపి చల్లేవారు. పొద్దున అంబలి, రాత్రి గటక. చెట్ల కింద మొలిచే తుమ్మికూర, చెంచలికూర, పొన్నగంటి. వాగులో చిన్న చేపలు, పొలంగట్ల మీద నత్తలు. గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గర ఉండి చూసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో వాళ్ళ మీద ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. గింజలు అయిపోయిన నెలల్లో వాళ్ళు జీలుగు చెట్టు కల్లుతోనూ, దాని గుజ్జు ఎండబెట్టి చేసిన పిండితోనూ ఎలా నెట్టుకొచ్చేవారో అందులో రాశాడు. అంటే పాత రోజులన్నీ బంగారమేమీ కాదు. ఆకలి నెలలుండేవి. మామిడి టెంకలోని జీడి కూడా అంబలి కాచుకుని తాగిన రోజులవి.

ఆ ఆకలిని తీర్చింది రేషన్ డిపో బియ్యమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మారుమూల గూడేల్లో కూడా అన్నం ఉడికింది. ఇది చిన్న మేలు కాదు. వెనకటి తిండిని పొగిడేటప్పుడు ఈ మేలును మరిచిపోవడం అన్యాయం. అయితే బియ్యం వచ్చి జొన్ననీ సామనీ పక్కకి నెట్టేసింది. పోడు భూముల్లో పత్తి దిగింది. సారపాకలో కాగితం మిల్లు వచ్చాక చుట్టుపక్కల జామాయిల్ తోటలు లేచాయి. మైదానం వైపు మిరప తోటలు పెరిగాయి. గింజలతో పాటు వాటి నడుమ మొలిచే కందులూ అనుములూ ఆకుకూరలూ పోయాయి. ఇప్పుడు ఆకుకూర కావాలంటే సంతకి వెళ్ళి కొనాలి. కొనేటప్పుడు పిల్లలు అడిగేది చిప్స్ పొట్లం.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళ ఆధ్వర్యంలో 2021లో ఒక పరిశీలన అచ్చయింది. మనుషుల మీద జరిగిన 22 అధ్యయనాలను కలిపి చూస్తే, చిరుధాన్యాలు క్రమం తప్పకుండా తిన్నవాళ్ళలో హిమోగ్లోబిన్ సగటున నూటికి పదమూడు పాళ్ళు పెరిగినట్టు తేలింది. మన అమ్మమ్మల గటక ఊరికే పోలేదన్నమాట.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇవాళ్టి ప్రసంగమంతా ఆ మెలిక కోసమే. ఇనుము తింటే చాలదు. తిన్న ఇనుము ఒంటికి పట్టాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో, గింజల్లో ఉన్న ఇనుములో ఒంటికి పట్టేది నూటికి పది పాళ్ళు కూడా ఉండదు. మాంసం, కార్జం, చేపల్లోని ఇనుము ఇంతకంటే బాగా పడుతుంది. మరి రోజూ మాంసం ఎవరు పెట్టగలరు? కాబట్టి ఆకుకూర, పప్పులోని ఇనుమునే ఎక్కువగా పట్టేలా చేసుకోవాలి. దానికి ఉపాయం పులుపు. సి విటమిన్ ఉన్న పులుపు. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ, పచ్చి మామిడికాయ. అన్నంతోపాటు ఇవి ఉంటే ఇనుము రెండింతలు, ఒక్కోసారి మూడింతలు పడుతుంది.

పులుపంటే చింతపండు కాదు. పచ్చిపులుసు మనకి ప్రాణమే గానీ, చింతపండులో సి విటమిన్ లేనట్టే. నిమ్మరసం కూడా కూర ఉడుకుతుండగా పిండితే వేడికి పాడవుతుంది. దించి, వడ్డించాక, కంచంలో పిండుకోవాలి. తోటకూర పప్పు మీద నిమ్మచెక్క. రాగి జావ తాగాక ఒక జామకాయ. చలికాలంలో మన అడవి నిండా ఉసిరికాయలు రాలతాయి. వాటిని బస్తాలకెత్తి సంతలో అమ్మేస్తాం. నాలుగు గుప్పెళ్ళు ఇంట్లో ఉంచండి.

పులుపు ఇనుమును లోపలికి తెస్తే, టీ దాన్ని బయటికి పంపేస్తుంది. తిండితో పాటు టీ తాగితే ఆ తిండిలోంచి పట్టాల్సిన ఇనుము సగానికి పైగా తగ్గిపోతుంది. టీ ఆకులోని వగరే కారణం. కాఫీ కూడా అంతే, కాస్త తక్కువ. పొద్దున్నే మిరప కోతలకి వెళ్ళే ఇంట్లో ఏం జరుగుతుంది? రాత్రి మిగిలిన చద్దన్నం, ఒక గ్లాసు టీ. పిల్లకీ అదే. కొందరు పిల్లలు టీలో బిస్కెట్ ముంచుకుని తిని బడికి పోతారు. ఆకలి చచ్చిపోతుంది. ఇంకేమీ తినరు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఈ మాట స్పష్టంగా చెప్పింది: భోజనానికి గంట ముందు, భోజనమయ్యాక గంటదాకా టీ, కాఫీలు వద్దు.

టీ మానెయ్యమని ఎవరూ చెప్పడం లేదు. చెప్పినా ఎవరూ వినరు. గంట దూరం జరపండి, అంతే. అన్నంతో నిమ్మచెక్క, టీకి గంట దూరం. మీ ఇంట్లో ఉన్న ఆకుకూర అదే, పప్పు అదే, ఖర్చు అదే. పట్టే రక్తం మాత్రం ఎక్కువ.

అంబలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాగుల్లో, జొన్నల్లో ఇనుముతో పాటు దాన్ని పట్టి ఉంచి వదలని పదార్థాలూ ఉంటాయి. నానబెట్టినా, మొలకెత్తించినా, రాత్రంతా పులియబెట్టినా అవి తగ్గుతాయి. రాత్రి పిండి కలిపి పొద్దున కాచే పులిసిన అంబలిలో ఉన్న తెలివి అదే. పొట్లం చించి అప్పటికప్పుడు వేడినీళ్ళలో కలిపే జావకి ఆ గుణం తక్కువ. తెలంగాణ, ఆంధ్ర రెండు రాష్ట్రాల్లోనూ 2023 నుంచి బడుల్లో రాగి జావ ఇవ్వడం మొదలైంది. మంచి పనే. రాగుల్ని మొలకెత్తించి పిండి పట్టిస్తే ఇంకా మంచిది.

ఎర్రగా ఉన్నదల్లా రక్తం పట్టిస్తుందని ఒక నమ్మకం ఉంది. బీట్‌రూట్, దానిమ్మ. ఆసుపత్రికి పోయేవాళ్ళంతా దానిమ్మకాయలు పట్టుకెళ్తారు. వాటిలో ఇనుము చాలా కొంచెం. బీట్‌రూట్‌లో వంద గ్రాములకి ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. మంచివే, తినండి. కానీ దానిమ్మకాయ కొనే డబ్బుతో మునగాకు, తోటకూర, వేరుశెనగ, నువ్వులు, ఎండుచేపలు వారానికి సరిపడా వస్తాయి. మునగాకైతే ఇంటి వెనకే ఉంటుంది. కొనక్కర్లేదు, కొమ్మ వంచాలి అంతే.

ఇంకో చిన్న సంగతి. ఇనప మూకుడు. అల్యూమినియం గిన్నెలు రాకముందు కూరలన్నీ దాంట్లోనే ఉడికేవి. ఇనప పాత్రలో, ముఖ్యంగా పుల్లటి కూర వండితే, పాత్రలోంచి కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. ఇథియోపియాలో కొందరు పిల్లలకి ఇనప కుండల్లో, కొందరికి అల్యూమినియం గిన్నెల్లో వండి పెట్టించి చూశారు. ఇనప కుండ పిల్లలకే హిమోగ్లోబిన్ ఎక్కువ పెరిగింది. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ సంగతి వచ్చింది. అటక మీద తుప్పు పట్టిన మూకుడు ఉంటే దించి, బాగా తోమి, గోంగూర అందులో వండండి.

ఇక నీలం మాత్ర.

పదేళ్ళ నుంచి పందొమ్మిదేళ్ళ దాకా ఉన్న పిల్లలకి బడిలో వారానికి ఒకటి చొప్పున ఇస్తారు. 2013లో మొదలైన పథకం, 2018లో రక్తహీనత లేని భారతం అనే పేరుతో ఇంకా పెద్దదైంది. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మాత్ర ఉచితం. బడిలోనే ఇస్తారు. అయినా చాలాచోట్ల అది చెత్తబుట్టలోనో, కిటికీ అవతలో తేలుతుంది. ఎందుకు? కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకుంటే వికారం, కడుపులో మంట. మలం నల్లగా వస్తుంది. అది చూసి పిల్ల హడలిపోతుంది. ఒక పిల్ల వాంతి చేసుకుంటే పక్కనున్న పదిమంది భయపడి మానేస్తారు.

పిల్లలూ, మీకే ఈ మాట. మలం నల్లగా రావడం మామూలే. ఇనుము లోపలికి వెళ్ళిందనడానికి అదొక గుర్తు. భయపడక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోండి, పరగడుపున వద్దు. నీళ్ళతో వేసుకోండి, టీతో వద్దు, పాలతోనూ వద్దు. మొదటి రెండు మూడు వారాలు ఇబ్బందిగా ఉన్నా, తర్వాత ఒంటికి అలవాటవుతుంది. టీచర్లు కూడా పిల్లలతో పాటు ఒక మాత్ర వేసుకుంటే, మాటలకంటే అదే బాగా పనిచేస్తుంది.

ఆ మాత్రలోని ఫోలిక్ యాసిడ్ వెనక మన గోదావరి మనిషి ఒకాయన ఉన్నారు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో వచ్చే ఘోరమైన రక్తహీనతని పరిశీలించింది. ఈస్టు సారం పెడితే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఏదో ఉందని తెలిసింది గానీ, అదేమిటో తెలియలేదు. ఆ ఏదో పదార్థం ఫోలిక్ యాసిడ్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో దొరికింది. అక్కడ పరిశోధనలు నడిపించినాయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో బీదరికం. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటపట్టనివ్వక రక్తాన్ని నీరు చేసే జబ్బు అది. ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడి, సముద్రాలు దాటి వెళ్ళి, ఆ జబ్బుకి పనికొచ్చే మందునే ఆయన బృందం తయారుచేసింది. భీమవరం వాళ్ళు తాగేదీ భద్రాచలం మీదుగా పారే నీళ్ళే. మాత్ర చేదని ఉమ్మేసే పిల్లకి ఈ కథ ఒకసారి చెప్పి చూడండి.

రక్తం పట్టించుకోవడం ఒక ఎత్తు, పట్టిన రక్తం పోకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. చెప్పుల్లేకుండా తిరిగితే కొంకిపురుగులు అరికాలిలోంచి ఒంట్లోకి చేరి, పేగుల్లో కూర్చుని రక్తం తాగుతాయి. అందుకే ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. నమిలి మింగాలి. ఇక మలేరియా. అది నేరుగా ఎర్ర కణాలనే పగలగొడుతుంది. వానాకాలంలో జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించకుండా, నాలుగు జ్వరం బిళ్ళలు మింగి ఊరుకోవద్దు.

సికిల్ సెల్ గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి. ఇది తిండి వల్ల వచ్చేది కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది. ఇందులో ఎర్ర కణాలు గుండ్రంగా ఉండక కొడవలిలా వంగిపోతాయి. తొందరగా పగిలిపోతాయి. పిల్ల పాలిపోతుంది, కీళ్ళూ ఎముకలూ విపరీతంగా నొప్పిపెడతాయి, తరచూ జ్వరం, కళ్ళు పచ్చబడటం. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. గోదావరి లోయ గిరిజనుల్లోనూ ఉంది. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళ లోపు అందరికీ దీని పరీక్ష చేస్తున్నారు. మొదటి పరీక్షకి వేలి చివర రక్తం ఒక చుక్క చాలు.

ఎందుకింత పట్టింపు? రక్తం తక్కువుందని తెలియగానే ఇనుము మాత్రలు తెచ్చి మింగించడం మనకు అలవాటు. సికిల్ సెల్ జబ్బు, తలసీమియా ఉన్న పిల్లకి ఇనుము అవసరం లేకపోవచ్చు, ఒక్కోసారి ఎక్కువై హాని కూడా చెయ్యొచ్చు. మాత్ర కావాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. రెండు మూడు నెలలు మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగని పిల్లని తప్పకుండా ఈ పరీక్షకి తీసుకెళ్ళండి. ఇంకో మాట. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ సికిల్ సెల్ లక్షణం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. మేనరికం సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు, ఇచ్చిపుచ్చుకోవడాల కంటే ముందు ఇద్దరి సికిల్ సెల్ పరీక్ష కార్డులు చూసుకోవడం మంచిది. పిల్లని తప్పు పట్టడానికి కాదు. ముందు తెలిస్తే జాగ్రత్తపడొచ్చు.

డిపో బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారనే పుకారు మీరు వినే ఉంటారు. చాలా ఊళ్ళలో బియ్యం చాటలో చెరిగి, కాస్త పసుపుగా, తేడాగా కనిపించే గింజల్ని ఏరి పారేస్తున్నారు. నీళ్ళలో పోస్తే అవి తేలతాయి కూడా. అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ 12 విటమిన్ కలిపి, మళ్ళీ గింజల్లా చేసినవి. వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలిపినవి. ఏరి పారేస్తే ఇనుమే పోయినట్టు. సికిల్ సెల్, తలసీమియా ఉన్న ఇళ్ళవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి.

మన జిల్లాలో గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువని, 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పోషకాహార కిట్లు మొదలుపెట్టిన తొమ్మిది జిల్లాల్లో భద్రాద్రి కొత్తగూడేన్ని కూడా చేర్చింది. కిట్లు మంచివే. అయితే గర్భం వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. ఆ గర్భిణి అయిదారేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో బలపాలు తిన్న పిల్లే. అక్కడ పట్టుకుంటే ఖర్చూ తక్కువ, కష్టమూ తక్కువ.

హాస్టళ్ళకి డబ్బు విషయంలో కొంత కదలిక వచ్చింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం భోజనం ఖర్చు పెంచింది. ఎనిమిది నుంచి పది దాకా చదివే పిల్లకి నెలకి 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది. ఆ పెరిగిన డబ్బులో రోజుకో నిమ్మచెక్క రాకపోతే తల్లిదండ్రులు అడగాలి. హాస్టల్‌కి వెళ్ళినప్పుడు చాలామంది అడిగేది ఒకటే, పిల్ల బాగా చదువుతోందా అని. పప్పు చిక్కగా ఉందా, ఆకుకూర వారానికి ఎన్నిసార్లు, నీలం మాత్ర ఏ రోజు ఇస్తున్నారు, చివరిసారి హిమోగ్లోబిన్ ఎంత అని కూడా అడగండి. మేడమ్ కోప్పడతారేమోనని మొహమాటపడొద్దు.

భద్రాచలంలోనే ఇంకో మంచి పని జరుగుతోంది. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్ళిన గిరిజన మహిళలు సంఘంగా చేరి, శిక్షణ తీసుకుని, చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారు. భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్ అని పేరు పెట్టుకున్నారు. 2025 జూన్‌లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో కూడా వాళ్ళ ప్రస్తావన వచ్చింది. ఆ బిస్కెట్లు లండన్ దాకా వెళ్తున్నాయి. లండన్ వెళ్ళడం సంతోషమే. పక్కనే ఉన్న ఆశ్రమ పాఠశాల పిల్లకి సాయంత్రం నాలుగింటికి చేరితే ఇంకా సంతోషం. ఈ మహిళలే గిరి పేరుతో శానిటరీ ప్యాడ్లూ తయారుచేశారు. నెలసరి గురించి నోరు విప్పి మాట్లాడగలిగిన చోటే, ఎక్కువగా రక్తం పోతోందని పిల్ల చెప్పగలుగుతుంది. ఏడు రోజులు దాటినా ఆగకపోతే, గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చాల్సి వస్తే, అది డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతి. ఆ మాట పిల్ల తనంతట తాను చెప్పదు. అమ్మ అడగాలి, అక్క అడగాలి, వార్డెన్ అడగాలి.

చివరగా వేసవి సెలవులు. ఏప్రిల్ నెలాఖరుకి బడులు మూస్తారు, జూన్ రెండో వారానికి తెరుస్తారు. సరిగ్గా తునికాకు కోసే కాలం. తెల్లవారుజామునే లేచి, ఒక టీ తాగి, తల్లితో పాటు పిల్లా అడవికి పోతుంది. ఎండలో పని, ఆలస్యంగా అన్నం. బడి లేదు కాబట్టి నీలం మాత్రా లేదు. బడి రోజుల్లో పెరిగిన రక్తం ఈ ఏడు వారాల్లో మళ్ళీ తగ్గొచ్చు. కాబట్టి సెలవులకి పిల్లని తీసుకురావడానికి వెళ్ళిన రోజున ఏడు మాత్రలు అడిగి తెచ్చుకోండి. వారానికి ఒకటి చొప్పున ఏడు వారాలకి సరిపోతాయి. బడిలో దొరక్కపోతే ఊళ్ళో ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్‌నో అడగండి. ఏ రోజు సంత ఉంటే ఆ రోజు రాత్రి, అన్నం తిన్నాక, నీళ్ళతో ఒక మాత్ర. సంత రోజైతే మరిచిపోరు. ఆ రోజు సంచిలో నాలుగు నిమ్మకాయలు కూడా వేసుకురండి.